స్తంభపీఠాల వెంట వెనక్కి: ముసాసిర్ వెతుకులాటలో ఒక కేస్ స్టడీ

పాత ఉపగ్రహ చిత్రాలు చదివి, పురావస్తు బృందాలకు ఎక్కడ చూడాలో, ఎక్కడ చూడక్కర్లేదో మ్యాపులు చేసి ఇవ్వడం నా పని. ఎక్కువగా చేసింది మైదాన ప్రాంతాలు. ఈ కేసు మాత్రం కొండల్లోది. ఇరాకీ కుర్దిస్తాన్‌లో, ఇరాన్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న సిదకాన్ ప్రాంతంలో, ముసాసిర్ అనే పాత గుడి పట్నాన్ని వెతకడం గురించి. గుడి దొరకలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే చివరిదాకా ఆశగా చదివేవాళ్లకు నిరాశ తప్పుతుంది. ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో అడుగడుగునా తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి ఈ కేసు రాయదగ్గదనిపించింది. పని తెచ్చిన విద్యార్థి వివరాలు తీసేశాను. ఇదివరకే అచ్చయిన పేర్లు తప్ప ఊళ్ల పేర్లు రాయడం లేదు. దొంగ తవ్వకాల బెడద ఉన్న చోటు, అందుకని కోఆర్డినేట్లు కూడా ఇవ్వను.

నేపథ్యం

క్రీ.పూ. 9, 8 శతాబ్దాల్లో ఇప్పటి తూర్పు టర్కీలోని వాన్ సరస్సు కేంద్రంగా ఉరార్తు రాజ్యం ఉండేది. వాళ్ల పెద్ద దేవుడు హల్ది. ఆ దేవుడి అసలు గుడి మాత్రం రాజధానిలో లేదు. దక్షిణాన, ఉరార్తుకూ, ఇప్పటి ఉత్తర ఇరాక్ కేంద్రంగా ఉన్న అస్సీరియా రాజ్యానికీ మధ్య ఇరుక్కున్న ఒక చిన్న కొండ రాజ్యంలో ఉంది. అస్సీరియన్లు ఆ ఊరిని ముసాసిర్ అన్నారు, ఉరార్తువాళ్లు అర్దిని అన్నారు. హల్ది ఒప్పుకోనిదే ఉరార్తులో ఎవరికీ రాజదండం, కిరీటం దక్కవని శత్రువులైన అస్సీరియన్లే రాసిపెట్టారు.

క్రీ.పూ. 714లో అస్సీరియా రాజు రెండో సర్గోన్ ఉరార్తు మీద దండయాత్ర ముగించుకుని ఇంటిదారి పట్టాక, ఒక్క రథం, వెయ్యిమంది రౌతులతో కొండల్లోకి మళ్లి ముసాసిర్ మీద పడ్డాడు. అక్కడి రాజు ఉర్జానా పారిపోయాడు. కోటనూ గుడినీ ఊడ్చేశారు. ఆ దండయాత్ర కథను అస్సీరియన్ల పెద్ద దేవుడు అష్షూర్‌కు ఉత్తరంలా రాయించిన మట్టిపలక ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది, మొత్తం 430 పంక్తులు. 1912లో అచ్చయింది. దోచిన సొత్తు జాబితా చదువుతుంటే కళ్లు తిరుగుతాయి. కోటలోంచే టన్నుకు పైగా బంగారం, అయిదు టన్నుల వెండి. గుడిలోంచి ఆరు బంగారు డాళ్లు, వాటి మధ్యలో కోరలు చూపిస్తున్న కుక్కల తలలు. కంచు డాళ్లు 25,212.

ఇంకో ఆధారం బొమ్మ. ఉత్తర ఇరాక్‌లోని ఖోర్సాబాద్‌లో సర్గోన్ కట్టించుకున్న కోట గోడల మీద ఈ దోపిడీని చెక్కించాడు. 1840ల తవ్వకాల్లో అది బయటపడినప్పుడు ఫ్లాండిన్ అనే చిత్రకారుడు చూసి గీశాడు. ఇవాళ మన చేతిలో ఉన్నది ఆ గీసిన బొమ్మే. ముందు వరుసగా స్తంభాలు, పైన రెండు వైపులా వాలిన కప్పు, గోడలకూ స్తంభాలకూ డాళ్లు, గుమ్మం ముందు రెండు పెద్ద కాగులు, పక్కన దూడకు పాలిస్తున్న ఆవు విగ్రహం. పక్క కట్టడం మీద కూర్చుని ఒకాయన లెక్క చెబుతుంటే గుమస్తాలు రాసుకుంటున్నారు.

ఇక చోటు సంగతి. ఇరాన్-ఇరాక్ సరిహద్దులో సుమారు 3,000 మీటర్ల ఎత్తున కేలషిన్ కనుమ ఉంది. అక్కడ నిలబెట్టిన రాతి శాసనం ఉరార్తు రాజులు ఇష్పుయిని, మెనువా అర్దినికి వెళ్లి హల్దిని కొలిచిన సంగతి రెండు భాషల్లో చెబుతుంది. కనుమ దిగితే వచ్చే తోప్జావా లోయలో రూసా రాజు వేయించిన ఇంకో రెండు భాషల శాసనం దొరికింది. ఆ చుట్టుపక్కలే ముజేసిర్ అనే ఊరుంది. జర్మన్ పురావస్తువేత్త బోమర్ అక్కడి ఇళ్లలో చెక్కిన స్తంభపీఠాలు చూసి, ముసాసిర్ ఇదేనని 1973లో ప్రచురించాడు. 2005, 2012 మధ్య కుర్దిష్ పరిశోధకుడు దిల్షాద్ మార్ఫ్ ఆ ప్రాంతమంతా తిరిగి ఇంకొన్ని స్తంభపీఠాలు, మనిషి ఎత్తు రాతి విగ్రహాలు నమోదు చేశాడు. 2013 నుంచి బోస్టన్ యూనివర్సిటీ బృందం రవాందుజ్ ప్రాంతంలో పనిచేసింది. తోప్జావా లోయలో రోడ్డు కోసం కొండవాలు కోసిన చోట కాలిపోయిన ఇనుపయుగపు రాతి కట్టడాలు బయటపడితే వాళ్లు తవ్వారు.

అంటే ప్రాంతం విషయంలో పెద్దగా పేచీ లేదు. గుడి నిలబడిన నేల ఏదన్నదే తేలలేదు.

నా దగ్గరికి వచ్చిన ప్రశ్న

విద్యార్థి ఒక స్క్రీన్‌షాట్‌తో వచ్చాడు. లోయ మీద ఒక గుట్ట, గుట్ట తలమీద చక్కటి చతురస్రం. ఉరార్తు గుళ్లు చాలాచోట్ల మందపాటి గోడలున్న చతురస్రపు బురుజుల్లా ఉంటాయి. వాన్ సరస్సు ఒడ్డున అయానిస్‌లో తవ్విన గుడి పక్కకు 13 మీటర్లు. స్క్రీన్‌షాట్‌లోని చతురస్రం దానికంటే పెద్దది, అయితే ప్రాకారం అనుకోవచ్చన్నది అతని వాదన. ‘ఇది గుడే అని మీరు ఖాయం చేస్తే ప్రపోజల్‌లో పెడతాను మేడం’ అన్నాడు.

ఇలాంటివి వచ్చినప్పుడు ఆ ఆకారం దేనిలా ఉందని నేను అడగను. అది ఎప్పటి నుంచి అక్కడ ఉందో చూస్తాను. ఆకారానికి వంద కారణాలు ఉంటాయి, తేదీ ఒక్కటే ఉంటుంది. అమెరికా 1960 నుంచి 1972 వరకు నడిపిన కరోనా గూఢచారి ఉపగ్రహాల ఫొటోలు 1995లో బయటపెట్టారు. వాటి తర్వాతి తరం హెక్సాగన్ ఫొటోలు 2011లో వచ్చాయి. రెండూ ఫిల్మ్ మీద తీసినవే. కరోనాలో బాగా వచ్చిన ఫ్రేముల్లో రెండు మీటర్ల వస్తువు కనిపిస్తుంది, హెక్సాగన్‌లో మీటరు లోపుది కూడా.

1960ల చివరి కరోనా ఫ్రేములో ఆ గుట్ట ఉత్త గుట్టే. 1980ల మొదట్లోని హెక్సాగన్‌లో చతురస్రం ఉంది, దాని దాకా మెలికలు తిరుగుతూ ఎక్కే బండిదారి కూడా ఉంది. ఇరాన్-ఇరాక్ యుద్ధకాలపు సైనిక స్థావరం. సరిహద్దు పొడవునా ఇలాంటివి కావలసినన్ని.

అతను వెంటనే తగ్గలేదు. ‘పాత పునాది మీదే కట్టి ఉండొచ్చు కదా మేడం?’ అన్నాడు. ఉండొచ్చు. అయితే ఆ మాట ఆ లోయలో ప్రతి గుట్టకూ వర్తిస్తుంది. ఏ చోటుకైనా సరిపోయే వాదన ఏ చోటునూ పట్టివ్వదు. పైగా సైనిక స్థావరాల చుట్టూ మందుపాతరలు ఉంటాయి, కాబట్టి ‘వెళ్లి చూసొద్దాం’ అనే అవకాశం లేదు. చతురస్రాన్ని పక్కన పెట్టేశాం.

చేసి చూసినవి, తేలనివి

రెండో ఆలోచన కూడా అతనిదే, ఇది మొదటిదాని కంటే గట్టిది. సిరియాలోని ఖాబూర్ మైదానంలో ఉపగ్రహ డేటాతో కంప్యూటర్ చేత పాత ఊరి దిబ్బలను గుర్తింపజేసి, సుమారు 14,000 చోట్లు మ్యాపు చేసిన పరిశోధన 2012లో వచ్చింది. అదే పద్ధతి ఇక్కడ వాడితే?

వాడి చూశాం. ఫలితం ముందే ఊహించినా చేయనిచ్చాను, ఎందుకు పనికిరాదో అతను తన కళ్లతో చూడాలి కాబట్టి. మైదానంలో ఇళ్లు మట్టి ఇటుకలవి. ఊరు కూలి, దానిమీదే మళ్లీ లేచి, వందల ఏళ్లకు దిబ్బ అవుతుంది. బూడిద, పేడ, చెత్త కలిసిన ఆ మట్టి రంగు చుట్టూ ఉన్న పొలం మట్టికంటే తేడాగా ఉంటుంది. కంప్యూటర్ పట్టుకునేది ఆ తేడానే. కొండల్లో ఇళ్లు రాతివి. కూలితే రాళ్లు పక్క ఇంటికి పోతాయి, మిగిలినదాని మీద పైనుంచి వానకు జారిన మట్టీ రాళ్లూ కప్పేస్తాయి. తోప్జావాలో కాలిపోయిన ఇళ్లు రోడ్డు కోతలో తప్ప పైనుంచి కనిపించకపోవడానికి కారణం అదే. ఇక మా కంప్యూటర్ చూపించినవి గొర్రెల దొడ్లు, మెట్ల పొలాలు, కొండచరియ విరిగి పడి పరుచుకున్న చోట్లు.

మూడోది సర్గోన్ దేవుడికి రాయించిన ఉత్తరం ఆధారంగా దారి గీయడం. సర్గోన్ ఎక్కడెక్కడ తిరిగాడో పలకలో కొండల పేర్లు, నదుల పేర్లు ఉన్నాయి. ముసాసిర్‌కు వెళ్తూ ఎగువ జాబ్ నదిని దాటానంటాడు, అక్కడివాళ్లు దాన్ని ఎలమునియా అంటారని కూడా రాయించాడు. భూతల నమూనా (నేల ఎత్తుపల్లాల కంప్యూటర్ మ్యాపు) మీద తక్కువ శ్రమతో నడవగల దారిని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. మొదలు, చివర ఇస్తే గీత గీసిస్తుంది.

చిక్కంతా ఆ మొదలు, చివర దగ్గరే. సర్గోన్ దండయాత్ర వాన్ సరస్సును చుట్టి వచ్చిందా, ఇరాన్ వాయవ్యంలోని ఉర్మియా సరస్సును చుట్టిందా, లేక ఉర్మియా ఉత్తరపు ఒడ్డుకు కూడా పోకుండానే తిరిగిందా అన్నదాని మీద 1912 నుంచి పండితులు కొట్టుకుంటూనే ఉన్నారు. సర్గోన్ తన సైన్యం నుంచి ఎక్కడ విడిపోయి ముసాసిర్ వైపు మళ్లాడో ఖాయం కాకపోతే మొదలు లేదు. చివర ముజేసిర్ అని మనమే పెడితే గీత ముజేసిర్‌కే వస్తుంది, వచ్చింది కూడా. విద్యార్థి మొహం వెలిగిపోయింది. అదే చివరను పక్క లోయలో పెట్టి మళ్లీ నడిపించమన్నాను. గీత అక్కడికీ అంతే శ్రద్ధగా వెళ్లింది.

అయితే ఉత్తరాన్ని అవతల పారేయలేదు. దారికి పనికిరాకపోయినా వేరే రెండు సంగతులు దానిలోంచి తీసుకున్నాం. ఒకటి కాలం. ముసాసిర్ దాడి ముందు చంద్రగ్రహణం పట్టిందని అందులో ఉంది. ఖగోళ లెక్కల ప్రకారం అది క్రీ.పూ. 714 అక్టోబర్ 24. ఆ కొండల్లో అక్టోబర్ చివరంటే పై కనుమలు మంచుకు మూసుకుపోయే రోజులు దగ్గరపడ్డట్టే. అలాంటప్పుడు ఊరు దోచి, అంత సొత్తు మోసుకుని బయటపడాలంటే ఆ ఊరు చలికాలంలో కూడా కిందికి దారి ఉన్న లోయలో ఉండాలి. ఎత్తైన గుట్ట తలలు వెతికేవాళ్లకు ఇది పనికొచ్చే హెచ్చరిక. రెండోది ఊరి సైజు. పట్టుకుపోయినవాళ్లు 6,110 మంది, కంచర గాడిదలు 12, గాడిదలు 380, ఎడ్లు ఆవులు 525, గొర్రెలు 1,235. అస్సీరియన్లు తక్కువ చేసి రాసుకునే రకం కాదు. గొప్పలు కలుపుకున్నా పశువులు ఇంతే. అంటే మనం వెతుకుతున్నది పెద్ద నగరాన్ని కాదు, సొత్తు మాత్రం మితిమీరి ఉన్న చిన్న ఊరిని. అది ఒక మామూలు పల్లె కింద మొత్తంగా ఇమిడిపోగలదు.

దారి దొరికింది రాళ్లలో

ఇక్కడే ప్రశ్న మార్చాం. గుడి ఎక్కడ అని అడగడం ఆపి, ఈ స్తంభపీఠాలు ఇళ్లలోకి ఎక్కడి నుంచి వచ్చాయి అని అడిగాం. ఒక్క రాయి కూడా దాని అసలు చోట లేదు. ఒకటి గుమ్మం మెట్టు, ఒకటి నడవాలో కూర్చునే పీట, ఇంకొకటి గోడ మూల. కదిలిపోయిన సాక్ష్యమని చాలామంది వీటిని ఊరి పేరుకు మాత్రమే వాడుకున్నారు. నేను వేరేగా ఆలోచించాను. వందల కిలోల రాయిని ట్రాక్టరు లేని రోజుల్లో ఎవరూ సరదాగా దూరం మోయరు, అందులోనూ ఎత్తుకు అస్సలు మోయరు. దొర్లించుకుంటూ కిందికి తెస్తారు, లేదా ఉన్నచోటికి దగ్గర్లోనే ఇల్లు కట్టుకుంటారు. కాబట్టి ప్రతి రాయీ తనకు కాస్త పైనున్న నేల వైపు వేలు చూపిస్తుంది.

ఈ సూత్రం ట్రాక్టరు లేని రోజులకే చెల్లుతుంది. అందుకే ఒక్కో రాయి ఎప్పుడు కదిలిందో తేలాలి. ఈ ప్రాంతపు చరిత్ర ఇక్కడ అడ్డుపడుతుంది, సాయం కూడా చేస్తుంది. 1975లో ఇరాన్‌తో అల్జీర్స్ ఒప్పందం కుదిరాక ఇరాక్ ప్రభుత్వం సరిహద్దు పల్లెలను బలవంతంగా ఖాళీ చేయించింది. జనాన్ని కాపలా ఉన్న కాలనీల్లో పడేశారు. 1988లో కుర్దుల మీద ఇరాక్ ప్రభుత్వం చేసిన అన్ఫాల్ దాడుల్లో కుర్దిష్ పల్లెలు వేలల్లో నేలమట్టమయ్యాయి. 1991 తర్వాత జనం తిరిగొచ్చి మళ్లీ కట్టుకున్నారు, ఈసారి సిమెంటుతో, ట్రాక్టర్లతో. అంటే 1970ల నడిమికి ముందు కదిలిన రాయికి ఒక విలువ, 1991 తర్వాత కదిలిన రాయికి ఇంకో విలువ.

బోమర్ రాత ఇక్కడ అక్కరకొచ్చింది. ఆయన చూసింది పల్లెలు ఖాళీ కాకముందు. ఆయన లెక్కలో ఉన్న రాయి అంటే పాత రోజుల్లోనే అక్కడికి చేరిన రాయి. తర్వాతి సర్వేల్లో కొత్తగా నమోదైనవాటికి ఆ హామీ లేదు.

హామీ లేనివాటి కోసం ఆ ప్రాంతంలో పనిచేసే ఒక కుర్దిష్ సహోద్యోగి సాయం అడిగాం. ఫొటోలు ఎలా తీయాలో మాత్రం పట్టుబట్టి చెప్పాను: చెక్కిన అందమైన వైపు అక్కర్లేదు, గోడకు ఆనిన వైపు, నేలకు ఆనిన వైపు దగ్గరగా తీయాలి. నాకు బాగా గుర్తున్న ఫొటోలో పీఠం తలకిందులుగా ఉంది. గుండ్రటి అంచు నేలలో సగం దిగిపోయింది, పైకి తేలిన చదును భాగం జనం కూర్చుని కూర్చుని నున్నబడింది. ఒక పక్క బూడిదరంగు నాచు పొర, దాని మీదుగా అడ్డంగా సిమెంటు చార. నాచు కింద, సిమెంటు పైన. అంటే ఈ రాయి చాలాకాలం ఆరుబయట పడి ఉంది, ఆ తర్వాతే ఎవరో గోడలో పెట్టారు, ఆ గోడ సిమెంటుది, మళ్లీ అందులోంచి తీసి ఇక్కడ పెట్టారు. ఇది కనీసం రెండు ప్రయాణాలు చేసిన రాయి. రెండోది ఖచ్చితంగా కొత్తకాలంలో.

ఆ రాయి ఉన్న ఇంటి పెద్దాయన అది తాతల కాలం నుంచి ఇక్కడే ఉందన్నాడు. పక్కింటాయన మాత్రం కింది లోయ నుంచి ట్రాక్టరు మీద తెచ్చారని చెప్పాడు. సహోద్యోగి ఇద్దరినీ ‘కాకా’ అంటూ మర్యాదగా రెండేసి సార్లు అడిగాడు, ఇద్దరూ మాట మార్చలేదు. విద్యార్థి పెద్దాయన పక్షం, ఎందుకంటే ఆ కథ తన సిద్ధాంతానికి కలిసొస్తుంది. నేను 1970ల మొదట్లోని హెక్సాగన్ ఫ్రేము తీశాను. ఆ స్థలంలో అప్పుడు ఇల్లే లేదు, దున్నిన చాళ్లు ఉన్నాయి. పాత ఊరు వాలుకు ఇంకాస్త కింద ఉంది. పెద్దాయన అబద్ధమాడాడని కాదు. ‘ఇక్కడే’ అంటే ఆయన దృష్టిలో తమ ఊరు, నా దృష్టిలో ఆ గజం నేల. ఈ రాయిని జాబితాలోంచి తీసేశాం.

అలా ఒక్కోటి జల్లించాం. సిమెంటు అంటినవి, కొత్త ఇళ్లలోవి, ట్రాక్టరు కథ ఉన్నవి పోయాయి. మట్టి సున్నంతో పాత గోడలో ఇరుక్కున్నవి, బోమర్ చూసినవి, పాత ఊరి హద్దులో ఉన్నవి మిగిలాయి. మిగిలినవి కొన్నే. వాటి పాత చోట్లు మ్యాపు మీద గుర్తించి, ఒక్కోదానికి పైనున్న నేలను రంగు వేస్తే, ఆ రంగులు ఎక్కువగా ఒకే మెట్టనేల మీద ఒకదానిపై ఒకటి పడ్డాయి. వాగుకు ఎత్తున, వాలు చటుక్కున తగ్గి చదునయ్యే చోటు అది. పైనుంచి జారిన మట్టి అక్కడే ఆగుతుంది కాబట్టి ఉపగ్రహానికి ఏమీ కనిపించదు. పది చోట్లకు బదులు ఒక చోటు, అదీ గుట్ట తల కాదు. ఉత్తరంలోని అక్టోబర్ లెక్కకు కూడా అది సరిపడింది.

‘అయితే గుడి అదే!’ అన్నాడు విద్యార్థి. మ్యాపు మీద ఆ మాట రాయనివ్వలేదు. దీని మీద మా ఇద్దరికీ చాలా వాదన జరిగింది. స్తంభాలు గుడికే ఉండాలని లేదు. సర్గోన్ ఉత్తరంలో ఉర్జానా కోట కూడా ఉంది, అసలు బంగారం ఎక్కువ దొరికింది అందులోనే. ఫ్లాండిన్ బొమ్మలో గుడికి స్తంభాలు ఉన్న మాట నిజం, కానీ గెలిచిన రాజు శిల్పి తాను చూడని గుడిని ఎంత నమ్మకంగా చెక్కుతాడు? ఇవతల తవ్విన ఉరార్తు గుళ్లేమో చతురస్రపు బురుజులు. పైగా కాలం చెప్పే పాత కుండ పెంకుల తోడు లేకుండా, అసలు చోటు తెలియకుండా ఉన్న స్తంభపీఠం క్రీ.పూ. 8వ శతాబ్దంది అని చెప్పడానికి పనితనం పోలికే ఆధారం. తర్వాతి కాలాల వాళ్లు కూడా ఆ కొండల్లో రాతి స్తంభాలు నిలబెట్టారు. మ్యాపు మీద చివరికి ‘స్తంభాలున్న పెద్ద కట్టడం ఉండే అవకాశం’ అని రాశాం.

ఇలాంటి పని చేసేవాళ్లకు

కొండ ప్రాంతంలో పాత ఉపగ్రహ చిత్రాల అసలు ఉపయోగం ప్రాచీన కట్టడాలు చూపించడం కాదు, నిన్నమొన్నటి మార్పులను వేరుచేసి చూపించడం. సైనిక స్థావరాన్ని తప్పించినా, ఇల్లు లేని స్థలాన్ని పట్టినా అవి చేసింది అదే. అందుకని ప్రాజెక్టు మొదట్లోనే ప్రతి ఊరికీ ఖాళీ చేయించకముందు ఫ్రేము ఒకటి, తర్వాతది ఒకటి తెప్పించుకోండి. ఫ్రేముకయ్యే ఖర్చు కారు అద్దె కంటే తక్కువ.

రాళ్ల ఫొటోలు తీసేవాళ్లు వెనక వైపు, కింది వైపు, సున్నమా సిమెంటా అన్నది వదలకండి. మ్యూజియానికి తరలించి కడిగేశాక ఆ సమాచారం పోతుంది. ఊరివాళ్ల జ్ఞాపకాన్ని తీసుకునేటప్పుడు ‘ఈ రాయి ఎక్కడిది’ అని కాక ‘ఈ గోడ ఎప్పుడు కట్టారు, అప్పుడు రాళ్లు ఎక్కడ తెచ్చారు’ అని అడిగితే జవాబు సూటిగా వస్తుందని మా సహోద్యోగి అనుభవం. నేను ఇప్పుడు అలాగే అడగమంటున్నాను.

పేర్ల పోలిక గురించి ఒక్క మాట. ముజేసిర్, ముసాసిర్ అని వినగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. శాసనాలు, స్తంభపీఠాలు లేకుండా ఆ పోలిక ఒక్కటే ఉండి ఉంటే ఈ పని ఒప్పుకునేదాన్ని కాదు.

విద్యార్థి ప్రపోజల్‌లో తవ్వకం తీసేసి సర్వే మాత్రమే ఉంచాం. మెట్టనేల మీద నడుస్తూ పెంకులు ఏరడం, అవి క్రీ.పూ. 8వ శతాబ్దానివైతేనే అయస్కాంత సర్వే, అంటే తవ్వకుండానే నేల లోపలి గోడల జాడ వెతకడం. వాలు నుంచి జారిన రాళ్ల మధ్య అయస్కాంత సర్వే కూడా సరిగా చదవలేమని నా అనుమానం, దానికి బదులు పాత వాగు కోతలు, రోడ్డు కోతలు ముందు చూడమని రాశాను. వీటన్నిటికంటే ముందు ఆ నేలకు మందుపాతరల ఏరివేత రికార్డు కావాలి. స్థానిక అధికారులను అడిగాం. రికార్డు చేతికొచ్చే వరకు మెట్టనేల మీదికి ఎవరూ వెళ్లరు, రోడ్డు పక్క కోతల దగ్గరే పని మొదలవుతుంది.